వడ్రంగిపిట్ట వచ్చేదాకా కరెంటు రాదు

మా బావకి మనుషుల పేర్లు గుర్తుండవు. కరెంటు స్తంభాల నంబర్లు గుర్తుంటాయి. పెళ్లయిన కొత్తలో మా ఇంటికొచ్చి, మా మేనత్తని చూసి, "మీరు ముప్పై రెండో నంబరు పోలు పక్కిల్లు కదండీ!" అన్నాడు సంబరంగా. ఆవిడ ఆ మాట ఏడేళ్లు మర్చిపోలేదు. ఆ పోలు మీద కాకి గూడుందని, అందులో మూడు గుడ్లున్నాయని, కాబట్టి తన లెక్కలో అది ఊళ్లోకెల్లా మంచి చిరునామా అని ఆయన చెప్పబోయాడు. చెప్పనిచ్చిందెవరు?

బావ లైన్‌మన్. ఇరవై రెండేళ్లుగా స్తంభాలెక్కడం, దిగడం. నడుముకి తోలు బెల్టు, భుజాన తాడు, జేబులో కరెంటాఫీసు వాళ్లిచ్చిన నల్ల డైరీ. ఆ డైరీని ముందు నుంచి తెరిస్తే ఫిర్యాదులుంటాయి: "పదకొండో పోలు, ఫ్యూజు పోయింది." వెనక నుంచి తెరిస్తే గూళ్లుంటాయి: "పదకొండో పోలు, గోరువంక, పిల్లలు రెండు, తల్లి కోపిష్టి." ముందు పేజీలు ఇంజనీరు గారు చూస్తారు. వెనక పేజీలు మా అక్క ఒక్కతే చూస్తుంది. చూడ్డం కాదు, భోజనాల దగ్గర కూర్చోబెట్టి చదివించుకుంటుంది. "ఆ కోపిష్టి ఇవాళేం చేసిందండీ?" అని అడుగుతుంది. టీవీలో సీరియల్ చూడాల్సిన అవసరం దానికి ఇంతవరకూ రాలేదు.

వాళ్లిద్దరూ కలిసింది కూడా స్తంభం దగ్గరే. మా ఇంట్లో కరెంటు పోతే బాగుచెయ్యడానికొచ్చిన మనిషి, పైకెక్కి, చేతిలో పని వదిలేసి మా పెరట్లోకి తొంగిచూసి, "మీ చెట్టులో నాలుగు గూళ్లున్నాయండీ. మూడోది ఖాళీ. అందులోకి ఎవరూ దిగలేదు" అన్నాడు. నాన్న అగ్గిమీద గుగ్గిలమయ్యారు. "నువ్వొచ్చింది కరెంటు కోసమా, మా పెరడు చూడ్డానికా?" కింద నిచ్చెన పక్కన నిలబడ్డ అక్క మాత్రం, "ఎందుకు దిగలేదంటారు?" అని అడిగింది. ఆ ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పడానికి ఆయనకి మూడు నెలలు పట్టింది. నాలుగో నెలలో పెళ్లయింది.

నా గురించి చెప్పుకోవాలని లేదు గానీ, నేనెవరో తెలియకపోతే ఈ కథ నడవదు. నేను ఊరి లైబ్రరీలో పనిచేస్తాను. మా రీడింగ్ రూములో ప్రతి ఆదివారం పొద్దున ప్రకృతి ప్రేమికుల సంఘం సమావేశమవుతుంది. గది తాళంచెవి నా దగ్గరుంటుంది కాబట్టి నన్నే సెక్రటరీని చేశారు. అంతకుమించి అర్హతలేమీ ఎవరూ అడగలేదు. నాతో కలిపి పదహారు మందిమి.

ప్రెసిడెంటు గారు కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. ఆకు చూపిస్తే లాటిన్ పేరు చెబుతారు, మనిషిని చూపిస్తే వాడు పరీక్షలో రాసిన తప్పులు చెబుతారు. ఆయనకి ఎదురుపక్షం మా మందుల షాపాయన. ఆయన దగ్గర మోచేయంత కెమెరా ఉంది. దాంతో ఇప్పటికి ఎనిమిది వందల పిట్టల్ని తీశాడు, ఏడు వందల ఫొటోల్లో తోక మాత్రమే పడింది. సంఘానికి ఏ పిట్ట బొమ్మ ముద్ర వేసుకోవాలనే విషయం మీద వీళ్లిద్దరికీ రెండేళ్లుగా యుద్ధం. ప్రెసిడెంటు గారిది లకుముకిపిట్ట, మందుల షాపాయనది గుడ్లగూబ. ఎవరు పట్టిన కుందేలుకి వాళ్లకి మూడే కాళ్లు. ఓటింగ్ అనగానే ఏదో ఒక వర్గం వాళ్లు లేచి వెళ్లిపోయేవాళ్లు, రెండో వర్గం వాళ్లు అది చెల్లదనేవాళ్లు.

అలాగని వాళ్లని తేలిగ్గా తీసిపారేస్తే కళ్లు పోతాయి. చెరువులోంచి ప్లాస్టిక్ ఏరించింది వాళ్లే. స్కూలు పిల్లల్ని వెంటేసుకుని సీతాకోకచిలకలు చూపించింది వాళ్లే. నాటిన మూడొందల మొక్కల్లో రెండొందల పది బతికించారు, అది మాటలు కాదు. వాళ్లకున్న రోగమల్లా ఒకటే. ఎక్కడ ఏ ప్రాణి కనబడినా పదహారు మందీ కలిసి వెళ్లి చూడాల్సిందే.

పోయినేడు వానలకి ముందు బావ వీధి చెట్ల కొమ్మలు కొట్టాడు. తీగలకి తగిలే కొమ్మలు కొట్టడం ఆయన ఉద్యోగం. సంఘం అత్యవసరంగా కూర్చుని ఒక తీర్మానం చేసింది. అందులో మా బావని "వృక్షఘాతకుడు" అన్నారు. రాసింది నేను. కొట్టిన చెట్లలో గూడున్న కొమ్మ ఒక్కటి కూడా లేదని నాకు తెలుసు, అక్క చెప్పింది. అయినా పదిహేను మంది చేతులెత్తితే నేను నోరెత్తలేకపోయాను, గుండ్రటి అక్షరాలతో రాసి బోర్డు మీద అంటించాను. బావ వచ్చి చదివి, "ఘాతకుడంటే ఏంటి మరదలా?" అన్నాడు.

"బిరుదు లాంటిది బావా" అన్నాను సిగ్గులేకుండా.

ఆయన నవ్వేసి ఫ్యూజు చూసి వెళ్లిపోయాడు. అక్క నాతో పదిహేను రోజులు మాట్లాడలేదు.

ఇక ఈ వేసవి సంగతి. మా లైబ్రరీ ఎదురుగా నలభై ఆరో నంబరు పోలు, దాని పక్కన పెద్ద నిద్రగన్నేరు చెట్టు ఉన్నాయి. ఆ చెట్టుకి ఒక ఎండుకొమ్మ సరిగ్గా తీగల మీదకి వాలి ఉంటుంది. ఒక గాలివానకి అది మొదలు దగ్గర చీలింది. కింద బస్‌స్టాపు. పడితే తీగలతో సహా జనం మీద పడుతుంది. ఇంజనీరు గారు చూసి, "ఆదివారం పదింటికి కొట్టెయ్, ఒంటిగంటకి లైను ఇచ్చెయ్" అన్నారు. అందులో ఆయన తప్పేమీ లేదు. కొట్టక తప్పదని బావకీ తెలుసు. కానీ బావ డైరీ వెనక పేజీలో నెల క్రితమే ఇంకో మాట ఉంది: "నలభై ఆరో పోలు, ఎండుకొమ్మ, వడ్రంగిపిట్టలు, ఇల్లు కట్టుకుంటున్నాయి." తర్వాత పేజీలో: "పిల్లలు. మూడు అనుకుంటా. గోల."

శనివారం సాయంత్రం బావ మా ఇంటికొచ్చాడు. కుర్చీ అంచున కూర్చుని టోపీ తిప్పుతూ, తన ఉపాయం చెప్పాడు. కొమ్మని, పిట్టలు తొలుచుకున్న తొర్రగూటికి పైనొక చోట, కిందొక చోట కోస్తాడు. మధ్యనున్న ముక్కని, పిల్లలతో సహా, తాడుతో మెల్లగా దించి, అదే చెట్టు మొదలుకి, అదే వైపుకి నిలువుగా కట్టేస్తాడు.

"తల్లి పోల్చుకుంటుందా బావా?"

"పోల్చుకోవచ్చు. పోల్చుకోకపోతే ముక్కని ఇంకొంచెం పైకి జరపాలి, తీగల దాకా. అందుకే అది లోపలికెళ్లేదాకా లైను తిరిగివ్వను. ఒకసారి ఇచ్చేస్తే మళ్లీ ఆ రోజు నాకు ఇవ్వరు."

ఇక్కడ వాళ్ల పద్ధతి ఒకటి చెప్పాలి. తీగల దగ్గరికి ఎక్కేముందు లైన్‌మన్ సబ్‌స్టేషన్ నుంచి లైన్ క్లియర్ తీసుకుంటాడు. అంటే ఆ లైనులో కరెంటు ఆపించి, ఆపినట్టు కాగితం రాయించుకుంటాడు. తీసుకున్నవాడే దిగొచ్చి, పని అయిందని సంతకం పెట్టి తిరిగివ్వాలి. వాడు తప్ప ఇంజనీరు కాదు కదా, ఇంజనీరు తాత వచ్చి అడిగినా స్విచ్చు వెయ్యరు. పైన ఉన్నది వాడి ప్రాణం కాబట్టి మాట కూడా వాడిదే.

వెళ్తూ వెళ్తూ బావ గుమ్మంలో ఆగాడు. "ఒక్క సాయం చెయ్యి. రేపు మీ మీటింగు మానిపించు, సంఘం వాళ్లని ఆ వీధిలోకి రానీకు."

సరేనన్నాను. అనేసి, ఆయన సైకిలు మలుపు తిరిగిందో లేదో, ప్రెసిడెంటు గారికి ఫోన్ చేశాను. మీరు ఘాతకుడన్న మనిషి ఏం చెయ్యబోతున్నాడో వినండి అని మొత్తం చెప్పాను. బావ పరువు నిలబెడదామనుకున్నాను. నా తీర్మానం పాపం కడుక్కుందామనుకున్నాను. "దూరం నుంచి ఒక్కసారి చూసి వచ్చేద్దాం" అన్నారాయన. నేను నమ్మాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని ఊరికే అనలేదు. నేనైతే కాలు కడుక్కోవడానికి మళ్లీ అదే అడుసులో దిగాను.

ఆదివారం పదింటికి వీధిలో కరెంటు పోయింది. బావ నిచ్చెన వేసి, బెల్టు కట్టుకుని ఎక్కాడు. కింద తాడు పట్టుకోవడానికి తోటి లైన్‌మన్ ఉన్నాడు. రంపం శబ్దానికి వడ్రంగిపిట్టలు రెండూ చెట్టు దాటి ఎగిరిపోయాయి. మనిషి నడుమంత లావు ముక్క తాడుకి వేలాడుతూ దిగుతుంటే, లోపల్నుంచి పిల్లల అరుపు లైబ్రరీ మెట్ల దాకా వినిపించింది. పిట్ట కొంచెం కూత ఘనం. పదకొండుంపావుకల్లా ముక్కని చెట్టుకి నిలువుగా కట్టేసి, ఇద్దరూ దిగి, రోడ్డుకవతల ఆఫీసు వ్యాను వెనక దాక్కున్నారు. అక్క క్యారియరూ నీళ్లూ తెచ్చి వాళ్ల పక్కన కూర్చుంది.

పావుగంటలో తల్లి వచ్చింది. నెత్తిన ఎర్ర కుచ్చు, ముక్కులో పురుగు. లైబ్రరీ పిట్టగోడ మీద వాలి, ఉండాల్సిన చోట కొమ్మ లేకపోయేసరికి తల అటూ ఇటూ తిప్పింది. లోపల పిల్లలు అరిచాయి. అది ఒక అడుగు ముందుకేసింది. సరిగ్గా అప్పుడే మా వాళ్లొచ్చారు.

పదిహేను మంది. టోపీలు, బైనాక్యులర్లు, మడత కుర్చీ, పిట్టల పుస్తకం. దూరం నుంచి చూద్దామన్నవాళ్లు చెట్టు చుట్టూ వలయం కట్టారు. ప్రెసిడెంటు గారు మడత కుర్చీ తెరిచి, నిద్రగన్నేరు గురించి ఉపన్యాసం మొదలుపెట్టారు. తల్లిపిట్ట పిట్టగోడ మీదే ఉండిపోయింది. ముక్కులో పురుగు ముక్కులోనే ఉంది. నేను ఒక్కొక్కరి చెయ్యి పట్టుకుని బతిమాలాను. "కదలకుండా ఉంటాంలే అమ్మా, పిట్టలకి మనం కొత్తా?" అన్నారు.

ఇదంతా ఒక ఎత్తు, మందుల షాపాయన చేసింది ఒక ఎత్తు. పిట్ట రావడం లేదని ఆయన ఫోన్ తీసి, అందులో వడ్రంగిపిట్ట కూత పెట్టి, శబ్దం పెంచి, గూటి వైపు చూపించాడు. పిట్టల్ని పిలవడానికి ఆయన అన్నిచోట్లా చేసే పనే అది. తన ఇంటి గుమ్మంలో ఇంకెవరో వడ్రంగిపిట్ట నిలబడి అరుస్తోందని తల్లి అనుకుంది కాబోలు. పురుగుని జారవిడిచి, పెద్ద కేక పెట్టి, కప్పులు దాటి కనబడకుండా పోయింది. మందుల షాపాయన ఆ తోకని ఫొటో తీశాడు.

మా బావ నోట్లో నాలుక లేని మనిషి. ఇన్నేళ్లలో ఆయన గొంతు పెంచగా నేను వినలేదు. ఆ రోజు రోడ్డు మధ్యలోకొచ్చి అరిచాడు.

"అయ్యా, మీకు దండం పెడతా. అందరూ ఇళ్లకెళ్లిపోండి!"

ప్రెసిడెంటు గారికి రోషం వచ్చింది. "మేము ప్రకృతి ప్రేమికులమయ్యా. మమ్మల్నే పొమ్మంటావా?"

"అందుకేనండీ పొమ్మంటున్నా. ప్రేమ లేనివాళ్లంతా పొద్దున్నే చూసుకుంటూ వెళ్లిపోయారు. వాళ్లవల్ల ఏ ఇబ్బందీ లేదు." బావ చెట్టుకి కట్టిన ముక్క వైపు చెయ్యి చూపించాడు. "పొద్దున్నించీ ఆ పిల్లలకి మేత లేదు. ఈ ఎండకి సాయంత్రం దాకా ఆగవు. అది లోపలికెళ్లేదాకా నేను లైను ఇవ్వను. మీ ఇష్టం."

ఒంటిగంటకి ఇంజనీరు గారి ఫోను. అవతలి మాటలు వినపడలేదు గానీ బావ, "లేద్సార్... ఇంకా పని అవలేద్సార్... ఎక్కాల్సి రావచ్చు సార్" అంటుంటే అక్క ఆయన చొక్కా అంచు పట్టుకుని నిలబడింది. పెట్టేశాక చెప్పాడు. నాలుగింటి దాకా గడువు. ఆ తర్వాత కూడా ఇవ్వకపోతే ఉద్యోగం మీదకి వస్తుంది. ఇచ్చేస్తే, తల్లి రాకపోయినా ఇక చేసేదేం లేదు.

మా వాళ్లలో సగం మందికి తప్పు తెలిసింది. అయితే తెలిసినవాళ్లు చేసిందేమిటంటే, వెళ్లిపోకుండా, పక్కవాళ్లని వెళ్లిపొమ్మని వాదించడం. వీధంతా గోల. అక్క నా దగ్గరికొచ్చి, మెల్లగా, నా మొహంలోకి చూడకుండా అంది: "నువ్వే పిలిచావు కదూ?"

నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. ఏడుపొచ్చింది, దానికంటే ఎక్కువ నా మీద నాకే ఒళ్లు మండింది. ఆ మంటలోనే లైబ్రరీ మెట్లెక్కి, తాళంచెవుల గుత్తి గేటుకేసి కొట్టాను.

"సంఘం అత్యవసర సమావేశం! రీడింగ్ రూములో, ఇప్పుడే! ముద్ర బొమ్మ మీద చివరి ఓటింగ్! గదిలో ఉన్నవాళ్లకే ఓటు!"

లకుముకి వర్గం గుడ్లగూబ వర్గాన్ని చూసింది. గుడ్లగూబ వర్గం మెట్లని చూసింది. మడత కుర్చీ మడిచే ఓపిక కూడా ప్రెసిడెంటు గారికి లేకపోయింది, తెరిచిన కుర్చీతోనే పరుగెత్తారు. అరనిమిషంలో వీధి ఖాళీ. నేను లోపలికెళ్లి తలుపు మూసి, వీధివైపు కిటికీలన్నీ వేసి, గడియ పెట్టాను.

అప్పటికి రెండుంపావు. ఫ్యాన్లు తిరగవు, గాలి లేదు, పాత పుస్తకాల వాసన. పదహారు మందిమీ చెమటతో తడిసిపోయాం. ప్రెసిడెంటు గారు లకుముకిపిట్ట గుణగణాలు ముప్పావుగంట వర్ణించారు. నేను ఒక్కమాట అడ్డు చెప్పలేదు. మందుల షాపాయన లేచి, గుడ్లగూబని అపశకునమనే అజ్ఞానాన్ని ఖండించడం మొదలుపెట్టాడు. మామూలుగా అయితే నేను ఆవలిస్తాను. ఆ రోజు, "ఇంకా వివరంగా చెప్పండి" అన్నాను. రాయడానికి చేతిలో కలం ఉంది గానీ నా కళ్లు గోడ గడియారం మీదే ఉన్నాయి. మూడయింది. మూడుంపావయింది. కిటికీ తలుపుకి సన్న సందుంది. లేచి అందులోంచి చూద్దామా అని పదిసార్లు అనుకున్నాను. నేను లేస్తే అందరూ లేస్తారు. కూర్చున్నాను.

మెల్లమెల్లగా మాటలు తగ్గిపోయాయి. ఒకావిడ, "ఓటింగ్ సంగతి సరే, ఆ పిల్లలకి ఏమైనా అయితే?" అంది. మందుల షాపాయన ఉపన్యాసం మధ్యలో ఆపి, ఫోన్ జేబులోంచి తీసి, పూర్తిగా ఆపేసి, బల్లమీద బోర్లా పెట్టాడు. "నేను దాన్ని రప్పిద్దామనే పెట్టానండీ" అన్నాడు. ఆ గొంతు విని నాకు ఆయన మీద జాలేసింది. మూడున్నర. మూడూ నలభై. ప్రెసిడెంటు గారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ ఉండిపోయారు. నాలుగింటికి ఇంక ఎంతో లేదు.

మూడూ యాభై రెండుకి, నా తలమీద ఫ్యాను కిర్రుమంది.

ముందు ఒక్క రెక్క కదిలినట్టనిపించింది. తర్వాత మెల్లగా తిరిగింది. తర్వాత బల్లమీద కాగితాలు లేచాయి. నాలుగింటికి ఇంకా ఎనిమిది నిమిషాలుంది. గడువు వల్ల కాదు. కరెంటు ఇచ్చింది మా బావ. ఇవ్వడానికి ఆయనకి ఒకే ఒక్క కారణం ఉంటుంది. పదహారు మందిమీ తలెత్తి ఆ ఫ్యాన్లనే చూస్తున్నాం. నేను ఏడ్చేశాను, దాచుకోలేదు.

మందుల షాపాయన చెయ్యి అలవాటుగా కెమెరా మీదకి వెళ్లింది. కుర్చీ లోంచి సగం లేచాడు. ప్రెసిడెంటు గారు ఆయన భుజం మీద చెయ్యి వేశారు.

"కూర్చోండి. మనం వెళ్తే మళ్లీ ఎగిరిపోతుంది."

ఆయన కూర్చున్నాడు. కిటికీ పక్కన కూర్చున్నావిడ, గడియ మీద వేసిన చెయ్యి తీసేసింది. ఊళ్లో ఎక్కడ పిట్ట రెక్క విదిల్చినా పరుగెత్తే మనుషులు, పాతిక గజాల దూరంలో వడ్రంగిపిట్ట పిల్లలకి మేత పెడుతుంటే, ఒళ్లో బైనాక్యులర్లు పెట్టుకుని, ఫ్యాన్ల కింద మాట్లాడకుండా కూర్చున్నారు. చీకటి పడ్డాక, వెనక తలుపులోంచి, ఒక్కొక్కరే ఇళ్లకి వెళ్లారు.